మహాకం ఒడ్డున అత్తగారి ఇల్లు: ఉన్నచోటే కట్టాలా, వెనక్కి జరగాలా?

మహాకం_అల్లుడు
మాది బాపట్ల దగ్గర. పదకొండేళ్ళుగా ఇండోనేషియాలో, బోర్నియో దీవిలోని తూర్పు కాలిమంతాన్‌లో ఉంటున్నా, బొగ్గు లోడింగ్ జెట్టీలో పని. ఇక్కడి దయాక్ తెగ అమ్మాయినే చేసుకున్నా, ఇద్దరు పిల్లలు. అత్తగారి ఊరు మహాకం నది ఒడ్డునే, మెలక్‌కి కాస్త దిగువన. రాష్ట్ర రాజధాని సమరిందాలో పొద్దున పడవెక్కితే అర్ధరాత్రి దాటాక దిగుతాం. రోడ్డు కూడా ఉంది గానీ వానాకాలంలో దాన్ని నమ్ముకోలేం.

పోయినేడు మామగారు పోయారు. ఆయన కట్టిన ఇల్లు ఉలిన్ కర్ర స్తంభాల మీద ఉంది. ఆ కర్ర ఎంత బరువంటే నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, నలభై ఏళ్ళయినా ఒక్క స్తంభానికి చెదల్లేదు పుచ్చు లేదు. పోతున్నది స్తంభం కాదు, దాని కింద నేల. నా పెళ్ళినాటికి వంటింటి మెట్లు దిగితే ఒక పనస చెట్టు, దాని అవతల రెండు కొబ్బరి చెట్లు, ఆ తర్వాత నీళ్ళు. ఇప్పుడు ఆ మూడు చెట్లూ లేవు, వంటింటి చివరి స్తంభం నుంచి ఒడ్డు అంచుకి ఏడు అడుగులు, మొన్న నేనే టేపు పెట్టి కొలిచా. బొగ్గు బార్జీ పోయినప్పుడల్లా అల వచ్చి అడుగున మట్టి లాక్కుపోతుంది, పైన గడ్డి పెళ్ళ గాల్లో వేలాడుతూ ఉంటుంది, రెండ్రోజులకి అది కూడా ఊడి పడుతుంది.

అత్తగారు మాత్రం పాతది విప్పి అక్కడే కొత్తది కట్టుకుందాం అంటున్నారు. డబ్బు నాది. కాగితం చూస్తే 1987 నాటి సెగెల్ ఒకటే, అంటే స్టాంపు కాగితం మీద ఊరి పెద్ద సంతకం, చుట్టుపక్కల వాళ్ళ వేలిముద్రలు, అంతే. నేను విదేశీయుణ్ణి, రేపు ఏదన్నా అయితే పిల్లలకి ఏం మిగుల్తుంది? అసలు పిల్లల్ని ఆ ఒడ్డున పెంచొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి, రాత్రి పడుకుంటే ఆ మట్టి పడే చప్పుడే చెవుల్లో ఉంటోంది.

వరంగల్_పోరడు
ఏడు అడుగులా?? ఇంక అడుగుడేందన్నా, ముందు అత్తమ్మను ఆడికెంచి తీస్కరా. ఇల్లు తర్వాత సంగతి.

జావా_కోడలు
నేను తూర్పు జావాలో బొజొనెగొరో వైపు ఉంటాను, బెంగావన్ సోలో నది పక్కన, మా ఆయన జావా మనిషి. 2007 డిసెంబరు వరదలో మా అత్తారింట్లో నీళ్ళు కిటికీ దాకా వచ్చాయట, ఆ మరక ఇప్పటికీ గోడ మీద ఉంది. అందుకే నీ బాధ నాకు అర్థమవుతుంది తమ్ముడూ.

కాగితాల సంగతి నాకు తెలిసినంత చెప్తాను. ఇక్కడ పూర్తి యాజమాన్యాన్ని హక్ మిలిక్ అంటారు, అది ఇండోనేషియా పౌరులకే. 1960 భూమి చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. మనబోటి వాళ్ళకి వారసత్వంగా వచ్చినా ఏడాది లోపు వదులుకోవాలి, లేకపోతే భూమి ప్రభుత్వానికి పోతుంది. కాబట్టి నీ పేరు ఎక్కడా రాకూడదు.

అయితే నీకో మంచి సంగతి. 1974 పెళ్ళి చట్టం ప్రకారం పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ, కానీ వారసత్వంగా వచ్చింది ఎవరిది వాళ్ళదే. మామగారి భూమి నీ భార్యకి వస్తే అది ఆమెదే, నిన్ను చేసుకున్నందుకు ఆమె హక్కు ఏమీ తగ్గదు. చిక్కంతా ఇంటితోనే, అది నీ జీతంతో కడతావు కాబట్టి. మేం పెళ్ళికి ముందు ఒప్పందం రాసుకోలేదు, ఇల్లు కొనబోతే నోటరీ తల అడ్డంగా ఊపాడు. తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం 2016లో తీర్పు ఇచ్చింది, పెళ్ళయ్యాక కూడా ఆస్తుల ఒప్పందం రాసుకోవచ్చని. అప్పుడు రాయించుకుని రిజిస్టర్ చేయించాం. నువ్వు కూడా ముందు ఆ పని చెయ్యి, ఇటుక కొనడం తర్వాత.

మహాకం_అల్లుడు
అక్కా, ఇటుక కాదు ఇక్కడ, కర్రే. ఒప్పందం మేమూ రాసుకోలేదు. వచ్చే నెల సమరిందా వెళ్ళినప్పుడు నోటరీని కలుస్తాం. పిల్లలిద్దరికీ ఇండోనేషియా పాస్‌పోర్టులే ఉన్నాయి.

జావా_కోడలు
అదే నయం. రెండు పౌరసత్వాలున్న పిల్లలు కూడా హక్ మిలిక్ పెట్టుకోకూడదు, 21వ సెక్షన్ చివర్లో ఆ మాట ఉంది. ఇంకోటి, నీ భార్యకి తోబుట్టువులు ఉన్నారా? అందరూ వారసుల పత్రం మీద సంతకం పెట్టాలి.

మహాకం_అల్లుడు
ఒక బావమరిది, ఒక మరదలు. మరదలికి ఇబ్బంది లేదు. బావమరిది కాలిమంతాన్‌లోనే వేరే జిల్లాలో ఉంటాడు, ఫోనెత్తడు.

బందర్_సర్వేయర్
భూమి కొలతల పనిలో ఉన్నా, మన దగ్గరే, కానీ మూడేళ్ళు సుమత్రాలో ఒక రోడ్డు ప్రాజెక్టులో చేశా. ఆ అనుభవంతో చెప్తున్నా, నీ అసలు ప్రశ్న సెగెల్ గురించి కాదు, గీత గురించి.

అక్కడ 2011 నాటి 38వ నంబరు నియమం ఒకటుంది, నదుల మీద. ప్రతి నదికి ఒడ్డు నుంచి ఇంత దూరం వదలాలి అని, దాన్ని సెంపదాన్ సుంగాయ్ అంటారు. పట్టణం బయట, గట్టు లేని పెద్ద నదికి 100 మీటర్లు. పెద్ద నది అంటే పరీవాహకం 500 చదరపు కిలోమీటర్లు దాటింది. మహాకం పరీవాహకం డెబ్భై వేల పైన. కాబట్టి మీ వంటిల్లే కాదు, మీ వీధి మొత్తం ఆ గీత లోపలే ఉంటుంది. గట్టు కట్టిన చోటైతే 5 మీటర్లు చాలు, అందుకే జావాలో అక్క వాళ్ళకి ఆ గొడవ తక్కువ.

ఇప్పటికే ఉన్న ఇళ్ళని వెంటనే కూల్చరు. ఉన్నవి ఉన్నట్టు ఉంచి మెల్లగా ఖాళీ చేయిస్తారు అని ఆ నియమంలోనే ఉంది. కానీ పాతది విప్పి కొత్తది కడితే అది కొత్త కట్టడం అయిపోతుంది చూడు. నువ్వు చేతులారా ఆ రక్షణ పోగొట్టుకుంటావు.

యానాం_శీను
100 మీటర్లు అంటే బోర్నియోలో సగం ఊళ్ళు ఎత్తెయ్యాలి. కాగితం మీద రూలు వేరు, జనం బతుకు వేరు. వందల ఏళ్ళుగా నది ముందు వాకిలి పెట్టుకుని బతికిన వాళ్ళని రూలు పేరు చెప్పి భయపెట్టకండి.

బందర్_సర్వేయర్
భయపెట్టట్లేదు శీనుగారూ. ఆయన తన డబ్బు పెట్టబోతున్నాడు, తెలియకుండా పెట్టకూడదనే చెప్పా. ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది ఎక్కువ బాధ పెట్టేది. 1960 చట్టం 27వ సెక్షన్‌లో హక్ మిలిక్ ఎప్పుడు పోతుందో రాశారు. అందులో ఒకటి, భూమి నాశనమైతే. అంటే సర్టిఫికెట్ చేతిలో ఉన్నా నేల నదిలో కలిసిపోతే హక్కు కూడా దాంతోనే పోతుంది. అవతలి ఒడ్డున కొత్తగా మేట వేస్తే అది ప్రభుత్వానిది, నీది కాదు.

లంక_సుబ్బు
ఇదంతా చదువుతుంటే మా ఊరే కనపడుతోంది. మాది కోనసీమ లంక. తాతగారి పట్టాలో ఎకరంన్నర ఉంటుంది, అందులో ముప్పాతిక గోదావరిలో ఉంది ఇప్పుడు. పట్టా పెట్టెలో భద్రంగా ఉంది, నేల లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి మా కొబ్బరి తోట చివరి రెండు వరసలు కళ్ళ ముందే ఒరిగిపోయాయి.

అల్లుడుగారూ మీకు ఒక సంగతి చెప్తా, ఏటి పక్కన పుట్టినోడికి తప్ప తెలీదు. ఒడ్డు వరద వచ్చేటప్పుడు పోదు. వరద తీసేటప్పుడు పోతుంది. నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళు ఆ నీళ్ళే ఒడ్డుని ఎదురు తోసి నిలబెడతాయి, మట్టి అప్పటికే నానిపోయి ఉంటుంది, నీళ్ళు గబుక్కున దిగేసరికి ఆ బరువుకి ఆధారం ఉండదు, పెళ్ళలు పెళ్ళలుగా కూలుతుంది. కాబట్టి వరద తగ్గింది హమ్మయ్య అని పిల్లల్ని ఒడ్డుకి పంపేది ఆ వారంలో మాత్రం వద్దు.

ఇంకా ఒక పని చెయ్యండి. పది గుంజలు తీసుకుని ఒడ్డు అంచు నుంచి ఇంటి కింద వరకూ అడుగుకొకటి పాతండి, సున్నం పూసి నంబర్లు వెయ్యండి. మీరు పాతొద్దు, అత్తగారి చేత పాతించండి. రోజూ చూసేది ఆవిడే కదా. మనం వంద మాటలు చెప్పినా పెద్దవాళ్ళు వినరు, గుంజ పోతే వాళ్ళకే తెలుస్తుంది.

మహాకం_అల్లుడు
సుబ్బుగారూ ఇది నాకు తట్టలేదు. ఈ ఆదివారమే చేస్తా.

పామాయిల్_బాబాయ్
సుమత్రాలో జంబి వైపు ఇరవై రెండేళ్ళు తోటల్లో పనిచేసి రిటైరయ్యా. భూమి సంగతి మీరంతా బాగా చెప్పారు, పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

మీ ఇంటి ముందు నీళ్ళ మీద తెప్ప ఉందా, స్నానానికి, బట్టలకి, మరుగుకి? దాన్నే జంబాన్ అంటారు కదా మీ వైపు. పిల్లల ప్రమాదాలు అక్కడే జరుగుతాయి. పెద్ద పెద్ద వరదల్లో కాదు, మామూలు రోజున సాయంత్రం అమ్మ గిన్నెలు తోముతుండగా. తెప్పకీ ఒడ్డుకీ మధ్య పలక తడిసి పాచి పట్టి ఉంటుంది. దాని మీద టైరు ముక్కలు మేకులు కొట్టించు. మూడు వైపులా నడుం ఎత్తు కర్ర దడి కట్టించు. చీకటి పడ్డాక స్నానం వద్దే వద్దు, మొసలి ఎక్కువగా ఆ వేళకే తిరుగుతుంది. ఉప్పునీటి మొసలి పేరులో ఉప్పు ఉంది గానీ మంచినీళ్ళలో చాలా దూరం పైకి వస్తుంది. చేప పొట్టు, కోడి పేగులు తెప్ప దగ్గర పారేసే అలవాటు ఉంటే ఈరోజే మాన్పించు.

రెండోది నిప్పు. అంతా కర్ర ఇళ్ళు, కర్ర బాట, ఒకదానికొకటి ఆనుకుని. నీళ్ళ పక్కన ఉన్నాం కదా అనుకుంటారు, ఒక ఇల్లు అంటుకుంటే వరస పోతుంది. పాత వైర్లు మార్పించు. ఊరికి ఒక తేలే పంపు ఉందో లేదో అడుగు, లేకపోతే ఆ ఇంటి డబ్బులో కాస్త దానికి పెట్టు.

వరంగల్_పోరడు
బాబాయ్ చెప్పినంక తెప్ప మీదికి పోవాలంటె నాకే భయమైతుంది, నేను హన్మకొండల ఉన్న.

మహాకం_అల్లుడు
బాబాయ్‌గారూ, మా పాప నాలుగేళ్ళది, ఆ పలక మీద పోయిన నెలలో జారింది. వాళ్ళ అమ్మమ్మ జుట్టు పట్టుకుని లాగింది. ఆ మాట పైన రాయలేదు, రాయడానికి చెయ్యి రాలేదు. టైరు ముక్కలు నిన్ననే కొట్టేశా.

ఇంకో భయం ఉంది. రోడ్డు వైపు మైళ్ళ దూరంలో వదిలేసిన బొగ్గు గుంటలున్నాయి. పచ్చగా, అద్దంలా ఉంటాయి నీళ్ళు, ఒడ్డు నిటారుగా ఉంటుంది, దిగితే ఎక్కలేరు. ఈ రాష్ట్రంలో 2011 నుంచి నలభై మందికి పైగా అలాంటి గుంటల్లో పోయారు, ఎక్కువమంది చిన్నపిల్లలే. నది నుంచి వెనక్కి జరిగితే ఆ గుంటలకి దగ్గరవుతామా అని ఆలోచన.

యానాం_శీను
ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు బ్రో. ఆ ఒడ్డు కొట్టేసే బార్జీలు మీ జెట్టీ నుంచి వచ్చేవే కదా?

మహాకం_అల్లుడు
మావీ ఉన్నాయి, ఇంకా చాలా జెట్టీలవి ఉన్నాయి. కోపమేం లేదు, ఆ మాట నన్ను నేను రోజూ అడుగుతా. మా బార్జీ ఒక్కోటి వేల టన్నులు, దాన్ని లాగే టగ్గు మలుపులో స్పీడు తగ్గించకపోతే అల ఎంత వస్తుందో డెక్కు మీద ఉన్నోడికి తెలీదు, ఒడ్డున ఉన్నోడికే తెలుస్తుంది. పోయిన వారం మా పై ఆఫీసరుకి ఊరి మలుపు దగ్గర స్పీడు తగ్గించమని రాసిచ్చా. చూద్దాం అన్నాడు. ఊరి పెద్ద (మా జిల్లాలో పెతింగ్గి అంటారు) కూడా విడిగా ఒక లెటర్ రాశారు. నేను ఈ పని వదిలేస్తే ఇల్లు కట్టే డబ్బు ఉండదు, వదలకపోతే ఇల్లు నిలవదు అన్నట్టు ఉంది.

జావా_కోడలు
అలా అనుకోకు తమ్ముడూ. రాసిచ్చావు కదా, వదలకు. కాపీ దాచుకో.

శాసనాల_పిచ్చి
విషయం పక్కకి పోతుంది గానీ ఒక్కటి చెప్పి వెళ్తా. మీ ఊరు నుంచి పడవలో కిందికి వస్తుంటే మువారా కమన్ వస్తుంది కదా, అక్కడే క్రీ.శ. 400 ప్రాంతపు ఏడు యూప శాసనాలు దొరికాయి. రాతి స్తంభాల మీద సంస్కృతం, పల్లవ లిపికి దగ్గరి అక్షరాలు. కుండుంగ, అతని కొడుకు అశ్వవర్మ, మనవడు మూలవర్మ. మూలవర్మ బ్రాహ్మణులకి 20,000 ఆవుల్ని ఇచ్చాడని ఉంటుంది. ఇండోనేషియాలో దొరికిన వాటిల్లో అవే అన్నింటికంటే పాత రాతలు. ఇప్పుడు జకార్తా మ్యూజియంలో ఉన్నాయి.

లంక_సుబ్బు
ఇరవై వేల ఆవులు ఆ ఒడ్డున నిలబడ్డాయంటే అప్పట్లో ఒడ్డు గట్టిదే అయ్యుంటుంది అండీ 🙂

మహాకం_అల్లుడు
సమరిందాలో యూనివర్సిటీ పేరు కూడా మూలవర్మదే, ఇక్కడి వాళ్ళు ములావర్మన్ అంటారు. పిల్లలకి ఈ కథ చెప్తా, థాంక్స్ అండీ.

కువైట్_రాజు
నాకు ఒక డౌటు. గోడ కట్టేస్తే పోలా? మన దగ్గర రివిట్‌మెంట్ వేసినట్టు.

బందర్_సర్వేయర్
ఒక్క ఇంటి ముందు గోడ కడితే నది దాని రెండు పక్కలా తవ్వుతుంది, పక్కింటాయన స్థలం ముందు పోతుంది. అప్పుడు గొడవ నదితో కాదు, పక్కింటితో. కడితే మలుపు మొత్తం కట్టాలి, అది ప్రభుత్వం పని.

మహాకం_అల్లుడు
నిజమే, ఇక్కడ దాన్ని సిరింగ్ అంటారు. పై ఊళ్ళో ఒకాయన సొంతంగా కర్ర సిరింగ్ వేశాడు, పక్కాయన పంచాయితీ పెట్టాడు. దయాక్ బెనువాక్ ఆచారంలో తప్పు పడితే జరిమానా అంతాంగ్ లెక్కన వేస్తారు, అంటే పాతకాలపు జాడీలు. ఇప్పుడు అంత విలువకి డబ్బు కడతారు. ఆయన కట్టాడు. సిరింగ్ మాత్రం మర్నాటి వరదకి పోయింది.

పామాయిల్_బాబాయ్
రాత్రి గస్తీ ఉందా మీ ఊళ్ళో? మా వైపు వంతులవారీగా మగవాళ్ళు తిరిగేవాళ్ళు, వెదురు బొంగు కొడుతూ.

మహాకం_అల్లుడు
ఉంది బాబాయ్, దొంగలకంటే పక్షిగూళ్ళ కోసం ఎక్కువ. ఊళ్ళో సగం మంది, జనం తినే గూళ్ళు కట్టే వాలెట్ పిట్టల కోసం కిటికీల్లేని పొడుగాటి ఇళ్ళు కట్టారు, ఆ గూడు చాలా ఖరీదు కాబట్టి రాత్రిళ్ళు తాళాలు పగలగొడతారు. రోజంతా స్పీకర్లో ఆ పిట్టల కూత వినాలి. మనుషులకి మాత్రం ఇక్కడ భయం లేదు, తలుపు వేసుకోకుండానే పడుకుంటాం. కొత్తవాళ్ళెవరొచ్చినా 24 గంటల్లో ఊళ్ళో చెప్పాలి అని బోర్డు ఉంటుంది, నేను మొదటిసారి వచ్చినప్పుడు మామగారే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చెప్పారు.

మహాకం_అల్లుడు
ఏడు వారాల తర్వాత రాస్తున్నా, అందరూ అడిగారు కాబట్టి.

గుంజలు అత్తగారే పాతారు. వెదురువి, మీరు చెప్పినట్టే సున్నంతో నంబర్లు, ఆవిడకి అంకెలు వేయడం మా పెద్దోడు సాయం చేశాడు. మూడో వారం పై నుంచి నీళ్ళు వచ్చాయి, ఇంటి కింద మోకాలు దాకా. అన్ని గుంజలూ నిలబడే ఉన్నాయి. చూశావా ఏం కాలేదు అన్నారు ఆవిడ. ఆరు రోజులకి నీళ్ళు దిగాయి. దిగిన రెండో రాత్రి ఒకటి, రెండు, మూడు ఒకేసారి పోయాయి, తెల్లారి చూస్తే నాలుగోది నీళ్ళ మీదికి వంగి ఉంది. సుబ్బుగారూ, అచ్చం మీరు రాసినట్టే.

ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున్నే కత్తి తీసుకుని వెనక రబ్బరు తోటలోకి వెళ్ళారు, రోడ్డు వైపు. మధ్యాహ్నానికి నేను వెళ్ళి చూస్తే పొదలు కొట్టి ఒక గది పట్టేంత జాగా శుభ్రం చేసి ఉంది. వంటిల్లు తూర్పుకి ఉండాలి అని మాత్రం అన్నారు.

ఆ స్థలం ఒడ్డు నుంచి 140 మీటర్లు, సర్వేయర్‌గారి గీత దాటి. బొగ్గు గుంటలు అక్కడి నుంచి కూడా దూరమే, మధ్యలో వాగు ఉంది. బావమరిది ఫోనెత్తాడు, పెతింగ్గి చేత చేయించా. సంతకం పెడతానన్నాడు, ఒక షరతు, నది ముందు తెప్ప మాత్రం తియ్యకూడదు, నాన్న చేపలు పట్టిన చోటు అది అన్నాడు. సరే అన్నాం. దడి కట్టేశాం దానికి.

జావా_కోడలు
చదువుతుంటే కళ్ళు తడిశాయి. ఇప్పుడు ఆ వెనక స్థలానికి సర్టిఫికెట్ పెట్టించు, పీటీఎస్ఎల్ అని ఊరంతా ఒకేసారి కొలిచే కార్యక్రమం ఉంది, మీ ఊరి వంతు ఎప్పుడో పెతింగ్గిని అడుగు. 20 ఏళ్ళు పైగా ఎవరి అభ్యంతరం లేకుండా అనుభవంలో ఉంటే అది కూడా ఆధారమే, సాక్షులు కావాలి. రబ్బరు చెట్లు ఎవరు నాటారో తెలిసిన ముసలివాళ్ళ చేత ఇప్పుడే రాయించుకో.

బందర్_సర్వేయర్
పన్ను రసీదులు ఉంటే జత చెయ్యి. అవి యాజమాన్యానికి రుజువు కాదు, కానీ అనుభవానికి పనికొస్తాయి.

లంక_సుబ్బు
పాత ఇంటి ఉలిన్ స్తంభాలు వదిలెయ్యొద్దు అండీ, పీకి వెనక్కి తీసుకుపోండి. ఎన్ని ఉన్నాయి?

మహాకం_అల్లుడు
పద్దెనిమిది. మూడు ఇప్పటికే ఒడ్డు అంచులో ఉన్నాయి, వాటిని తాడు కట్టి చెస్ (ఇక్కడి సన్నటి మోటారు పడవ) ఇంజనుతో లాగుదామని బావమరిది అంటున్నాడు. కొత్త ఉలిన్ కొనాలంటే కాగితాలు కావాలి, ఖరీదు కూడా. శనివారం ఊళ్ళో పదిమంది వస్తున్నారు, అత్తగారు కొరమీను కూర చేస్తానన్నారు, ఇక్కడ హరువాన్ అంటారు దాన్ని. నీళ్ళు ఇంకా దిగుతున్నాయి కాబట్టి అంచు దగ్గరికి ముందు ఎవరూ వెళ్ళకుండా, ఇంటి వెనక వైపు నుంచి విప్పుకుంటూ రావాలా, లేక అంచున ఉన్న మూడూ ముందే తీసెయ్యాలా?

లంక_సుబ్బు
వెనక నుంచి విప్పండి, ముందు పైకప్పు, తర్వాత గోడలు. బరువు దిగితే ఆ అంచు కొన్నాళ్ళు ఆగుతుంది. ఆ మూడు స్తంభాలు ఆఖర్న, నీళ్ళు పూర్తిగా తీసి వారం ఎండ కాశాక, మనిషి నడుముకి తాడు కట్టుకుని మాత్రమే. రాకపోతే వదిలెయ్యండి, పదిహేనుతోనే కట్టుకోవచ్చు.